రసీదు వెనకవైపు

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. పలకా బలపం పట్టలేదు. మా వీధి చివరి పెద్ద దుకాణం వాళ్ళు ఇంటింటికీ పంచే అమ్మకాల కరపత్రాలే నా పుస్తకాలు. వంటగదిలో మడత బల్ల నా బడి. పంతులమ్మ నా కోడలు.

ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. నా భర్త పోయి చాలాకాలం అయింది. నా కొడుకు పోయి అప్పటికి రెండేళ్ళు. వాడి చొక్కాలు రెండు మేకుకి అలాగే వేలాడుతుండేవి, ఇద్దరిలో ఎవరమూ తీయలేదు. వాడున్నప్పుడు మేమిద్దరం అత్తాకోడళ్ళలాగే ఉన్నాం, చిన్న చిన్న మాటలు, మూతి విరుపులు అన్నీ ఉండేవి. వాడు పోయాక తగవులాడుకోవడానికి కూడా ఇంకెవరూ లేకపోయారు. అలా కలిసిపోయాం.

నేను లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని. ఇస్త్రీకి ముందు జేబులు వెతకడం కూడా నా పనే. ఒకసారి వెతకడం మర్చిపోయి పెట్టె పెడితే చొక్కా జేబులో ఉన్న దుకాణం రసీదు వేడికి బొగ్గులా నల్లబడిపోయింది. ఆ చొక్కా ఆయన వచ్చి నానా రభసా చేశాడు. అప్పటినుంచి ఏ జేబునీ వదలను. తాళాలు, దువ్వెనలు, మందు బిళ్ళలు దొరికేవి. అన్నిటికంటే ఎక్కువ దొరికేవి రసీదులు. ఎవరూ తిరిగి అడగని రసీదులన్నీ ఇంటికి తెచ్చుకునేదాన్ని, చదువుకోవడానికి.

"ఇదేంటి అత్తయ్యా?" అని వేలు పెట్టేది కోడలు.

"దు... ప్ప... దుప్పటి."

"పక్కన?"

"సగం ధర."

"అబ్బో! వస్తువుల దగ్గర నత్తనడక, ధరల దగ్గర మాత్రం గుర్రం పరుగు."

"నవ్వకే. నీ వయసులో నాకు సంతకం కూడా రాదు."

"మరి ఇప్పుడు వచ్చుగా. నా వయసొచ్చేసిందనుకోండి మీకు."

కరపత్రాల అడుగున చీమల బారులా ఏదో ఉండేది. ఒకరోజు అడిగాను, "ఇవి కూడా అక్షరాలేనా?" అని.

"అక్షరాలే. అవి మనకోసం కాదు లెండి. వాళ్ళ లాయర్లు వాళ్ళకోసం రాసుకుంటారు. మీరు పెద్దవి చదవండి చాలు, ఉన్న కళ్ళు పాడుచేసుకోకండి."

నేను చీమల్ని వదిలేశాను.

ఆ ఏడు చలి మొదలవుతుండగా కోడలికి అదే దుకాణంలో పని దొరికింది. ఏడాది చివరి అమ్మకాల మూడు నెలలకి ఆరుగురిని తీసుకున్నారు. సీజను అయ్యాక ఇద్దర్ని ఉంచేసుకుంటామని, మిగతా నలుగుర్ని పంపేస్తామని ముందే చెప్పారు. చెప్పినాయన అక్కడ మేనేజరు. ఎండైనా వానైనా మెడకి టై బిగించుకునే ఉంటాడట, అందుకని మా ఇంట్లో ఆయన పేరు టై ఆయన.

ఆ ఇద్దరిలో కోడలు ఉండాలి. లేకపోతే ఏమవుతుందో మాకిద్దరికీ తెలుసు. వాళ్ళన్నయ్య వేరే ఊళ్ళో సరుకులు పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో ఉన్నాడు. "వచ్చేయ్, ఇక్కడ పనుంది" అని ఏడాదిగా ఫోను చేస్తున్నాడు. పనైతే ఉంది, వాళ్ళింట్లో మంచం ఒక్కటే ఖాళీ. నా ఇస్త్రీ జీతంతో మా రెండు గదుల అద్దె, ఇద్దరి తిండి గడవవు.

"ఉంచుతారంటావా?" అని అడిగేదాన్ని రోజూ.

"ఉంచకేం చేస్తారు? నాలాంటి అందగత్తె దొరకద్దూ?" అనేది. ఆ మాట అంటూనే చేతులు చంకల్లో పెట్టుకునేది. దుకాణంలో తలుపుల దగ్గరి బిల్లు బల్ల ఆమెది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చలిగాలి సూటిగా తగిలేది. ఇంటికొస్తే మా గదులు అంతకంటే చల్లన. రాత్రి దగ్గు మొదలైతే ఆపుకోవడానికి దిండు నోటికి అడ్డం పెట్టుకునేది, నేను లేస్తానని. నేను మేలుకునే ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం లాండ్రీలో ఎవరిదో కోటు జేబులో ఆ దుకాణం రసీదే దొరికింది. ఎప్పుడూ ముందువైపే చదివేదాన్ని. ఆరోజు తిప్పి చూస్తే వెనకాల ముదురు సిరాతో, నా వేలిగోరంత అక్షరాలు. కోటుకీ కోటుకీ మధ్య ఒక్కో మాట కూడబలుక్కున్నాను. బుట్ట ఖాళీ అయ్యేసరికి వాక్యం పూర్తయింది.

"మీరు కొన్న పద్నాలుగు రోజుల్లోపు ధర తగ్గితే, రసీదు చూపి తేడా తీసుకోండి."

ఎవరూ చెప్పకుండా, ఎవరూ వేలు పెట్టి చూపించకుండా నేను చదివిన మొదటి వాక్యం అది. మళ్ళీ చదివాను. అదే వచ్చింది. లాండ్రీ యజమాని దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఇలా ఉంటే నిజంగా ఇస్తారా?" అని అడిగాను. ఆయన భూతద్దంతో ఏదో మరక చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "రాసుంటే ఇవ్వక చస్తారా?" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే కొత్త కరపత్రం వచ్చింది. అమ్మకాల పెద్దరోజు పొద్దున్నే ఐదింటికి తలుపులు తెరుస్తారు. మొదటి వందమందికి గది హీటరు సగం ధరకి. దీన్ని అందరూ తలుపు ధర అంటారు. ఆ ధర కోసం జనం ముందురోజు రాత్రినుంచే దుప్పట్లు కప్పుకుని తలుపుల ముందు కూర్చుంటారు. తెరిచాక జరిగేది చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏడాది మా ఎదురింటి రిటైరైన బస్సు కండక్టరు ఆ తొక్కిడిలో మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. హీటరు దొరకలేదు, చేతికి కట్టు దొరికింది.

నేను బల్లమీద కరపత్రం ఒకపక్క, రసీదు ఒకపక్క పెట్టుకుని చూశాను. పెద్దరోజు ఇంకా పన్నెండు రోజులుంది. ఇవాళ పూర్తి ధరకి కొంటే? పెద్దరోజున ధర తగ్గుతుంది. రసీదు పట్టుకెళ్ళి తేడా తెచ్చుకోవచ్చు. చలిలో కూర్చోనక్కర్లేదు, ఎవరి కాళ్ళకిందా పడక్కర్లేదు. పైగా ఈ పన్నెండు రోజులూ గది వెచ్చగా ఉంటుంది.

ఇంత తేలిక సంగతి చదువుకున్నవాళ్ళకి ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను. నిజం చెప్పాలంటే, ఆ ఆశ్చర్యంలో కొంత గర్వం కూడా ఉంది.

లాండ్రీలో జీతం ముందుగా అడిగి హీటరు కొన్నాను. కోడలికి చెప్పలేదు. తేడా తెచ్చాక, రెండూ ఒకేసారి ఆమె ముందు పెట్టాలని. అందాకా హీటరు పెట్టె లాండ్రీలో బుట్టల వెనకాల దాచాను. వెచ్చదనం పన్నెండు రోజులు ఆగింది, ఆమె దగ్గు ఆగలేదు. అప్పుడే చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

కోడలికి చెప్పలేదు గాని, వీధికి చెప్పాను. కొళాయి దగ్గర కండక్టరు కనపడితే నోరు ఆగలేదు. అతను రసీదు తిప్పి చదివి నోరు వెళ్ళబెట్టాడు.

"చెల్లెమ్మా! ముప్ఫై ఏళ్ళు టికెట్లు చించాను, ఒక్క టికెట్టు వెనక్కి తిప్పి చూడలేదు. నువ్వు నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చి దుకాణాన్నే తిప్పేశావు."

"మా కోడలికి చెప్పకండి. ఆశ్చర్యపోవాలి."

"నా నోట్లోంచి రాదు. బస్సు పడిపోయినా రాదు."

కోడలికి చెప్పలేదు నిజమే, మిగతా అందరికీ అతనే చెప్పాడు. మా పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది, మనిషి గుమ్మానికి తల తగిలేంత పొడుగు, అందరూ పొడుగామె అనేవారు. ఆవిడ వచ్చి, "పిన్నీ, ఒక్కసారి చదివి వినిపించవా?" అంది. ఆవిడకి నాకంటే బాగా చదువొచ్చు. అయినా నా నోటితో వినాలనుకుంది. చదివి వినిపించాను. ఆవిడ కుట్టుమిషను బాగుచేయించడానికి దాచుకున్నది తీసి హీటరు కొంది. కండక్టరు కొన్నాడు. ఇంకో ఎనిమిదిమంది కొన్నారు. నాతో కలిపి పదకొండుమందిమి. అందరూ పెట్టెలు విప్పి వాడుకోవడం మొదలుపెట్టారు. విప్పిన వస్తువు వాపసు తీసుకోరని అందరికీ తెలుసు. వాపసు ఎవరికి కావాలి?

దారిలో కనపడితే మనుషులు ఆగి పలకరించడం నాకు ఆ పన్నెండు రోజుల్లోనే జరిగింది.

పెద్దరోజుకి ముందు సాయంత్రం కోడలు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా చెప్పింది. "అత్తయ్యా, రేపు నన్ను తేడాల కౌంటర్లో వేశారు."

"అదేం కౌంటరు?" అన్నాను ఏమీ ఎరగనట్టు.

"ధర తగ్గితే తేడా వెనక్కిచ్చేది. అది కష్టం. అందరూ అరుస్తారు. టై ఆయన పిలిచి, ఈ ఒక్కరోజు ఏ గొడవా లేకుండా గట్టెక్కిస్తే నీ పేరు ఖాయం అన్నాడు."

"ఖాయం అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే. ఇప్పుడే సంబరపడకండి. రేపు గడవనివ్వండి."

మన పిల్లే కౌంటర్లో ఉంటుందని నేను లోలోపల మురిసిపోయాను. పడుకునేముందు రసీదు దిండు కింద పెట్టుకున్నాను.

మేం పదకొండుమందిమీ తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్ళాం. అప్పటికి తలుపుల ముందు యుద్ధం ముగిసింది. మెట్లమీద ఒంటి చెప్పు ఒకటి, తొక్కిన కరపత్రాలు, చిరిగిన చేతిసంచి. హీటర్లు ఐదుంపావుకే అయిపోయాయట. దొరకనివాళ్ళు కొందరు ఇంకా గోడకి ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యనుంచి కండక్టరు తల దువ్వుకుని, రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నడిచాడు. "తొందరపడకండమ్మా, వరసగా. పెళ్ళివారిలా నడవండి," అన్నాడు. పొడుగామె పకపకా నవ్వింది.

కౌంటర్లో కోడలు నీలం చొక్కాలో ఉంది. నన్ను చూసి నవ్వబోయి, వెనకాల వరసని చూసి ఆగింది.

"ఏంటత్తయ్యా, వీధి వీధంతా వచ్చింది?"

నేను రసీదు ఆమె ముందు పెట్టాను. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. "హీటరు కొన్నాను. ఇవాళ ధర తగ్గింది. తేడా ఇవ్వమ్మా."

ఆమె ముందువైపు చూసింది. తిప్పి వెనకవైపు చూసింది. చాలాసేపు అక్కడే చూసింది. ఆమె వేలు పెద్దక్షరాల మీదనుంచి కిందికి జరిగి ఆగింది.

వెనకనుంచి కండక్టరు గట్టిగా అన్నాడు. "మీ అత్తగారే చదివి చెప్పారమ్మా! అక్షరం పొల్లుపోకుండా! మాలో ఒక్కడికీ తెలియదు."

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఇది మీరే చదివారా అత్తయ్యా?"

"నేనే."

"ఎవరూ చెప్పకుండా?"

"ఎవరూ చెప్పకుండా."

ఆమె నా వెనక ఒక్కొక్కరినీ చూసింది. కండక్టరు కట్టుకట్టిన గుర్తున్న చెయ్యి, పొడుగామె సూదిపోట్ల వేళ్ళు. పక్కనున్న ముద్ర తీసుకుంది.

"బాగా చదివారు," అని రసీదు మీద గుద్దింది.

పదకొండు ముద్రలు. ఒక్కసారి కూడా చెయ్యి తడబడలేదు. అందరి పేర్లూ వీధి పేరూ కాగితంలో రాసుకుని, అందరికీ తేడా ఇచ్చింది. మేం బయటికి వస్తుంటే వెనకాల ఎవరో మగమనిషి గొంతు పెంచాడు. "వాళ్ళకెలా ఇచ్చారు? నాదీ హీటరే కదా!" కోడలు ఏదో నెమ్మదిగా చెబుతోంది. పాపం, అతనికి పద్నాలుగు రోజులూ దాటిపోయి ఉంటాయనుకున్నాను.

ఆ సాయంత్రం హీటరు ఇంటికి తెచ్చి పెట్టాను. ఆమె వచ్చి దాని ముందు నేలమీద కూర్చుని చేతులు చాపింది. కడ్డీల ఎర్రటి వెలుగు ముఖం మీద పడుతోంది.

"బాగుందా?" అన్నాను.

"వెచ్చగా ఉంది." అరచేతులు తిప్పి కాచుకుంటూ, "ఇంకెవరికైనా చెప్పారా అత్తయ్యా?"

"లేదు. ఆ పదిమందికే."

"ఇక చెప్పకండి. ఈ సీజనుకి చాలు."

ఆ రాత్రి దగ్గలేదు. నేను చాలాకాలానికి నిద్రపోయాను.

మూడోనాడు నేను లాండ్రీకి బయలుదేరుతుంటే, పొద్దున్నే వెళ్ళిన మనిషి పదింటికల్లా తిరిగొచ్చింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"సీజను అయిపోయింది అత్తయ్యా."

"ఇంకా మూడువారాలుందిగా?"

"నాకు అయిపోయింది." నీలం చొక్కా విప్పి కుర్చీమీద వేసింది. "ఇది ఉతికి ఇస్త్రీ చేసి తిరిగివ్వాలట."

ఎంత అడిగినా, "ఎక్కువమందిని తీసుకున్నార్లెండి, తగ్గించుకుంటున్నారు" అని అటు తిరిగి పడుకుంది. టై ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె వారించలేదు, తోడు కలవలేదు.

చొక్కా లాండ్రీకి పట్టుకెళ్ళాను. అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఒకరి కాగితం చదవకూడదని తెలుసు. కానీ నాకు అప్పటికి అక్షరం కనపడితే కళ్ళు ఆగేవి కావు. ఆమె పేరు ఉంది. పదకొండు అన్న అంకె ఉంది. "ఒకే వీధివారికి" అని ఉంది. "ఇతరులకు నిరాకరించి" అని ఉంది. ఆ తర్వాత, "నియమంలోని రెండవ భాగాన్ని తెలిసీ ఉల్లంఘించినందున." తేడాలన్నీ ఆమె జీతంలో పట్టుకున్నామని చివర ఉంది.

రెండవ భాగం. నేను చదివింది ఒక్కటే భాగం.

హీటరు రసీదు నా సంచిలోనే ఉంది, ముద్రతో. యజమాని బల్లమీది భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. పెద్దక్షరాల కింద చీమల బారు. అద్దం కింద అవి చీమల్లా లేవు, అన్నీ నాకు తెలిసిన అక్షరాలే. దీర్ఘాలూ ఒత్తులూ అన్నీ ఆమె నేర్పినవే.

"తలుపులు తెరిచే సమయాన పరిమిత సంఖ్యలో ఇచ్చే ధరలకు పై నియమం వర్తించదు."

ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టి వచ్చానో మర్చిపోయాను. ఎవరిదో దిండు గలీబు కాలిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంటికెళ్ళి ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. రసీదు ముందు పెట్టాను. ఆమె చూసింది, లేచి కూర్చుంది.

"చదివేశారా?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదే? వర్తించదత్తయ్యా, ఇంటికెళ్ళండి అంటే పోయేదిగా?"

"ఏమని చెప్పను? మీ వెనకాల పదిమంది ఉన్నారు. మిషను డబ్బు పెట్టినావిడ ఉంది. అందరూ మీరు చదివారని కొన్నారు." రసీదు నావైపు తిప్పింది. "మీరంత నిటారుగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు అత్తయ్యా."

"నా నిటారు తగలెయ్య!"

"చిన్నక్షరాలు మనకోసం కాదన్నది నేనే కదా," అంది. "ఆ మాట నేనన్నదే."

నన్ను తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం వీధిలో తలుపులన్నీ తట్టాను. తేడాలు వెనక్కిస్తే పట్టుకెళ్ళి టై ఆయన కాళ్ళమీద పడదామని. కండక్టరు లోపలికెళ్ళి డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. ముఖంలోకి చూడలేకపోయాడు. పొడుగామె గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. "మిషను బాగుచేయించేశాను పిన్నీ. నువ్వేగా చదివావు? నేను కూడా చదివానుగా? నాకూ కనపడలేదు." మిగతావాళ్ళలో కొందరు సగం ఇచ్చారు. ఒకావిడ, "ముద్ర వేసి ఇచ్చింది మళ్ళీ అడుగుతారా ఎవరైనా?" అని తలుపేసుకుంది. ఆవిడ తప్పేమీ లేదు.

మర్నాడు దుకాణానికి వెళ్ళాను. టై ఆయన నన్ను కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నేననుకున్నంత చెడ్డవాడు కాదు, అది ఇంకా కష్టమనిపించింది.

"బాబూ, తప్పు నాది. రెండో భాగం నేను చదవలేదు. నాకు అక్షరాలు కొత్త. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు."

"ఆవిడకి తెలుసమ్మా. తెలిసే ఇచ్చానని రాసిచ్చింది."

"అయితే నా తప్పుకి నన్ను శిక్షించండి. ఈ డబ్బు తీసుకోండి."

ఆయన డబ్బు నావైపే మెల్లిగా జరిపాడు. "మీరు కస్టమరమ్మా. మీ తప్పు ఉండదు. అంతా జీతంలో సరిపెట్టేశాం. మీ పేరుమీద ఏమీ లేదు."

"ఖాయం అన్నారట కదా?"

ఆయన టై సర్దుకున్నాడు. "అన్నాను. ఆ రోజు గడిస్తే అన్నాను."

వాళ్ళన్నయ్య ఫోనుకి ఈసారి కోడలు "వస్తున్నా" అంది. వారంలో ప్రయాణం. ఒక సంచీ, ఒక పెట్టె. మేకు మీది చొక్కాల్లో ఒకటి తీసి నా వైపు చూసింది. తీసుకో అన్నాను. రెండోది నాకు ఉంచింది.

బస్సు దగ్గర సంచీ అందించాను. "హీటరు తీసుకెళ్ళవే" అన్నాను.

"అక్కడ ఉందట అత్తయ్యా. మీరు వేసుకోండి. కరెంటుకి భయపడి ఆపేయకండి."

"సర్దుకున్నాక నన్ను కూడా..."

"సర్దుకోనివ్వండి," అంది. నా స్వెటరు బొత్తాం ఒకటి ఊడి ఉంటే పెట్టి, బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపడానికి లేచింది, పక్కసీటాయన సంచీ అడ్డమొచ్చింది.

ఆ చలికాలం మిగతాదంతా నేను హీటరు వేయలేదు. భయపడి కాదు, వేయబుద్ధి కాలేదు. సీజను చివర్లో ఒకరోజు లాండ్రీలో ఆ రసీదు తీసి బల్లమీద పెట్టి దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టాను. తీసేసరికి ముందువైపు మొత్తం నల్లబడింది. తేదీ, ధర, ఆమె వేసిన ముద్ర, ఏదీ కనపడలేదు. తిప్పి చూశాను. వెనకవైపు సిరా అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దవీ, చిన్నవీ.

తర్వాత ఒక గది ఖాళీచేసి ఒక్క గదిలోకి మారాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. దుకాణం కరపత్రాలు వస్తూనే ఉంటాయి. ఇప్పుడు నేను కిందనుంచి పైకి చదువుతాను.

కోడలు నెలకో ఉత్తరం రాస్తుంది. ఫోను చేయవచ్చు, కానీ ఉత్తరమే రాస్తుంది, నా చదువు పోకుండా. నాకు సులువుగా ఉండాలని కరపత్రమంత పెద్దక్షరాలతో రాస్తుంది. పని బాగానే ఉందని, దగ్గు తగ్గిందని, మందులు వేసుకోమని ఉంటుంది. వస్తానని ఉండదు, రమ్మని ఉండదు. పేజీ సగంలోనే అయిపోతుంది.

యజమాని లాండ్రీ మూసేసినప్పుడు ఆ భూతద్దం నాకిచ్చేశాడు. చదవడం అయ్యాక, సంతకం కింద మిగిలిన తెల్లకాగితం మీద దాన్ని పెట్టి, ఇంకేమైనా చిన్నక్షరాల్లో ఉందేమోనని అంచులదాకా చూస్తాను.